బ్రేకు వేస్తే బ్యాటరీ నిండుతుందన్నారు

సంపాదకులకు నమస్కారం.

ఉగాదికి ముందు ఒక ఆదివారం మీ పత్రిక మడతలో ఒక రంగుల కరపత్రం వచ్చింది. అది మీరు వేసింది కాదని నాకు తెలుసు. తెల్లవారుజామున పేపర్ ఏజెంటు దగ్గర మడతల్లో దూర్చే కాగితాలకు ఎడిటర్‌ను నిలదీసి లాభమేముంది? కానీ ఆ కాగితాన్ని నమ్మి నేను ముప్పై ఆరు వేలు పెట్టి కరెంటు సైకిల్ కొన్నాను. అది ఏ దారిలో మా ఇంటికి వచ్చిందో, నా మాట కూడా అదే దారిలో నలుగురి ఇళ్ళకు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పెద్దదయింది. మీ వీలును బట్టి కత్తిరించుకోండి, లెక్కలు మాత్రం కత్తిరించకండి.

కరపత్రంలో పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలున్నాయి. 'బ్రేకు వేసిన ప్రతిసారీ బ్యాటరీ ఛార్జ్ అవుతుంది.' దాని కింద, 'బ్రేకులు అరగవు.'

నేను రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, రైలు ఇంజన్లు బాగుచేసే లాలాగూడ ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో రిటైరయ్యాను. ఇప్పుడు రాణిగంజ్‌లో మా బావమరిది నడిపే మోటార్ రీవైండింగ్ షాపులో కూర్చుంటున్నాను. ఉండేది మల్కాజిగిరిలో. మెట్టుగూడ, ఆలుగడ్డబావి, సికింద్రాబాద్ స్టేషన్, ప్యాట్నీ మీదుగా షాపుకు సుమారు ఎనిమిది కిలోమీటర్లు. బస్సు మెట్లు ఎక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవట్లేదు. ఈ వయసులో స్కూటర్ వద్దని మా ఆవిడ పట్టు. అప్పుడు మా అమ్మాయి ఈ మార్గం చెప్పింది. మోటారు 250 వాట్లు దాటకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లకు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు అక్కర్లేదు. కాలు కదిలినట్టూ ఉంటుంది, నొప్పి పుడితే మోటారు లాక్కుపోతుంది. మంచి ఆలోచనే. ఇప్పటికీ ఆ మాట కాదనను.

కొట్టులో రెండు సైకిళ్ళు చూపించారు. ఒకటి ముప్పై వేలు, ఇంకొకటి ముప్పై ఆరు. రెండింటికీ 36 వోల్టులు, 7.5 ఆంపియర్ అవర్ల బ్యాటరీయే. ఖరీదైనదానికి రంగు వేరు, వెనక మడ్‌గార్డు మీద 'రీజెన్' అని ఆకుపచ్చ స్టిక్కరు. ఆరువేల తేడా ఎందుకని అడిగితే కొట్టులో కుర్రాడు బ్రేకు లీవరు దగ్గర ఉన్న సన్నటి వైరు చూపించాడు. "అంకుల్, ఈ వైరే మోటర్ నడిపించే కంట్రోలర్‌కు పోతది. మీరు బ్రేక్ కొట్టినప్పుడల్లా కరెంట్ వాపస్ బ్యాటరీలకు వస్తది. సిటీల అన్నీ సిగ్నల్సే గదా, మీకు సగం ఛార్జింగ్ ఫ్రీ."

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. మామూలు మనిషయితే అనుమానపడేవాడేమో. నేను నమ్మడానికి కారణం నా చదువూ నా ఉద్యోగమే. రీజెన్ అంటే, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని కరెంటుగా వెనక్కి తెచ్చుకునే రీజనరేటివ్ బ్రేకింగ్, నాకు తెలియందా? షెడ్‌లో నా చేతుల మీదుగా పోయిన త్రీ ఫేజ్ ఇంజన్లన్నీ అదే పని చేసేవి. డ్రైవరు బ్రేకింగ్‌లోకి రాగానే చక్రాన్ని తిప్పే ట్రాక్షన్ మోటారే జనరేటరైపోతుంది. పుట్టిన కరెంటు ఇంజను నెత్తిన తీగను తాకుతూ ఉండే పాంటోగ్రాఫ్ చట్రం గుండా పైన 25 వేల వోల్టుల తీగలోకి తిరిగిపోతుంది. ఆ దగ్గర్లో ఇంకో బండి లాగుతుంటే దానికి పనికొస్తుంది. మన మెట్రో రైళ్ళదీ అదే పద్ధతి. కళ్ళతో చూసినవాణ్ణి కాబట్టి, ఇంజనుకు జరిగేది సైకిల్‌కు ఎందుకు జరగదనుకున్నాను. ఎంత జరుగుతుందని అడగడం మాత్రం మరిచిపోయాను.

నాలుగు నెలలు తొక్కాను. ఒక్క ఛార్జింగ్‌తో ఇరవై రెండు, ఇరవై మూడు కిలోమీటర్లు వచ్చేది. మా వీధిలో ఒకాయనకు ఇలాంటి బ్యాటరీయే ఉన్న స్టిక్కరు లేని సైకిల్ ఉంది, ఆయనకూ అంతే వస్తోంది. అయినా మనసుకు సర్దిచెప్పుకున్నాను: ఆయన నాకంటే సన్నం.

జులైలో ఒక సాయంత్రం ముసురు పట్టింది. ఆలుగడ్డబావి దగ్గర రైలు బ్రిడ్జి కిందికి దిగే వాలులో నా ముందు పోతున్న ఆటో టక్కున ఆగింది. రెండు బ్రేకులూ నొక్కాను. కీచుమన్నాయి తప్ప పట్టలేదు. ఆటో వెనక బంపరుకు మోకాలు కొట్టుకుని పక్కకు పడ్డాను. "ఏం పెద్దమనిషీ, కండ్లు గిట్ల కనవడ్తలేవా?" అంటూనే ఆటో అతను దిగి నన్ను లేపి, సైకిల్ పక్కన పెట్టి, టీ కూడా తాగించాడు. మర్నాడు మెట్టుగూడలో సైకిల్ మెకానిక్ డిస్క్ ప్యాడ్లు ఊడదీసి నా అరచేతిలో పెట్టాడు. రబ్బరు, రాయి, ఏ పదార్థమూ మిగల్లేదు, ఇనుప రేకు మెరుస్తోంది. "ఇవి అరగనివి గదా, ఎట్లరిగినయ్?" అని నేనంటే అతను నా మొహం వంక అదోలా చూశాడు. అరగవని కాగితంలో ఉంది కాబట్టి నేను నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా వాటిని చూడలేదు. రైల్వేలో ఈ పని ఏ కుర్రాడు చేసినా ఛార్జిషీటు ఇచ్చేవాణ్ణి.

ఆ ఆదివారం సైకిల్‌ను షాపుకు తీసుకెళ్ళాను. రీవైండింగ్ షాపుల్లో టాంగ్ టెస్టర్ ఉంటుంది, తీగ చుట్టూ దవడలా పట్టి ఎంత కరెంటు పోతోందో చెప్పేది. మామూలువి ఏసీ మాత్రమే చూపిస్తాయి. మా దగ్గర డీసీ చూపించేది కూడా ఒకటి ఉంది. కరెంటు ఎదురు దిశలో పారితే అంకె ముందు మైనస్ గుర్తు వస్తుంది. దాన్ని బ్యాటరీ వైరుకు తగిలించి, వెనక చక్రం స్టాండు మీద లేపి, ఫుల్లుగా తిప్పి, బ్రేకు పట్టాను. అంకె సున్నాకు వచ్చింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ సున్నా. పదిసార్లు చేశాను. బావమరిది కొడుకుని ఎక్కించి సందు చివరిదాకా తొక్కించి, మీటరు అతని జేబులో పెట్టి కూడా చూశాను. మైనస్ అనేదే రాలేదు.

ఆ సన్నటి వైరు సంగతి అప్పుడు అర్థమైంది. బ్రేకు నొక్కగానే మోటారుకు కరెంటు ఆపేసే స్విచ్చు వైరది. మనం ఒకవైపు బ్రేకు పడుతుంటే మోటారు ఇంకోవైపు లాగకుండా ఉండటానికి. చవకైన కరెంటు సైకిళ్ళకు కూడా ఉంటుంది. ముప్పై వేలదానికీ ఉంది.

వారంటీ పోతే పోయిందని చక్రం మధ్యలోని మోటారు విప్పాం. లోపల మూడు ప్లాస్టిక్ పళ్ళచక్రాలు, వాటి వెంట ఒక ఫ్రీవీల్. సైకిల్ తొక్కిన వాళ్ళందరికీ ఫ్రీవీల్ తెలుసు: పెడలు ఆపినా చక్రం కిటకిటమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఈ మోటారులోనూ అదే ఏర్పాటు. మోటారు చక్రాన్ని తిప్పగలదు, చక్రం మాత్రం మోటారును తిప్పలేదు. మోటారు ఆగిపోయాక సైకిల్ తేలిగ్గా జారిపోవడానికి కావాలనే అలా చేస్తారు, అది తప్పేమీ కాదు. కానీ చక్రం తిప్పలేని మోటారు కరెంటెలా పుట్టిస్తుంది? చేద బావిలో పడకుండా నీళ్ళెలా వస్తాయి?

మీ సైకిల్‌లో ఏముందో తెలుసుకోవడానికి విప్పక్కర్లేదు. కరెంటు ఆపి, చక్రం లేపి, చేత్తో ముందుకు తిప్పండి. ఏ బరువూ లేకుండా జారిపోతే లోపల ఫ్రీవీల్ ఉన్నట్టే. మడ్‌గార్డు మీద ఎన్ని స్టిక్కర్లున్నా దానికి రీజెన్ లేదు. మోటారు చక్రంలో కాకుండా పెడళ్ళ దగ్గర ఉండి గొలుసును లాగే రకాలు కూడా ఉన్నాయి. వాటిలోనూ గొలుసుకూ చక్రానికీ మధ్య ఫ్రీవీలే కాబట్టి మామూలుగా వాటికీ రాదు. రావాలంటే మధ్యలో పళ్ళచక్రాలూ ఫ్రీవీలూ లేకుండా చక్రంతో పాటే తిరిగే పెద్ద మోటారు ఉండాలి. దాని బరువు ఎక్కువ, దాదాపు రెట్టింపు. కరెంటు ఆపి తొక్కితే ఆ మోటారు కాళ్ళకు అడ్డం పడుతుంది.

కొట్టుకు వెళ్ళి ఇదంతా చెప్పాను. అదే కుర్రాడు. పాపం, వాడికి నిజంగానే తెలియదు. ఎవరో చెప్పింది వాడు నాకు చెప్పాడు. యజమాని మాత్రం ఏమాత్రం తొణకలేదు. "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌ల వస్తది సార్, టెన్షన్ తీసుకోకండి" అన్నాడు. ఇనుప ఫ్రీవీల్‌ను సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందని అడిగితే లోపలికి ఫోన్ మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు. పక్కనే ఇంకో గిరాకీ, ఇంజనీరింగ్ చదివే అబ్బాయి, నా తరఫునో వాళ్ళ తరఫునో తెలియదు, 2009లో అమెరికా ఎంఐటీ వాళ్ళు 'కోపెన్‌హేగన్ వీల్' అని బ్రేకు శక్తిని దాచుకునే చక్రం చేశారని చెప్పాడు. నిజమే, నేనూ తర్వాత చదివాను. పేరున్నవాళ్ళు చేసిన మంచి వస్తువే. దానికి కూడా గోడకు పెట్టే ఛార్జరు ఇచ్చారు.

ఇప్పుడు అసలు లెక్క. మోసం లేని సైకిల్, పెద్ద మోటారుతో నిజంగా రీజెన్ ఉన్నదే కొన్నామనుకుందాం. ఎంత వస్తుంది?

నా బరువు 70 కిలోలు, సైకిల్ 25. మొత్తం 95. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఈ 95 కిలోల కదలికలో ఉండే శక్తి సుమారు 1,470 జౌళ్ళు. మన కరెంటు భాషలో 0.4 వాట్ అవర్. చక్రం నుంచి మోటారుకు, మోటారు నుంచి కంట్రోలర్‌కు, అక్కణ్ణుంచి బ్యాటరీకి, మళ్ళీ బ్యాటరీ నుంచి బయటికి వచ్చేలోపల సగం పోతుందనుకుంటే మిగిలేది 0.2. ఒక్కసారి పూర్తిగా ఆగితే వచ్చేది ఇంతే. నా బ్యాటరీలో పట్టేది, 36ను 7.5తో గుణిస్తే, 270 వాట్ అవర్లు. పోనూ రానూ నేను ఇరవై ఐదుసార్లు ఆగుతాను. రోజంతా కలిపి వెనక్కి వచ్చేది 5 వాట్ అవర్లు. మోటారు మీదే పోతే నాకు కిలోమీటరుకు పదీ పన్నెండు వాట్ అవర్లు ఖర్చవుతోంది. అంటే రోజుకు అర కిలోమీటరు, అదీ గట్టిగా లాగితే.

డబ్బుల్లో చూస్తే ఇంకా తమాషా. ఒక యూనిట్ అంటే 1,000 వాట్ అవర్లు. రోజుకు ఐదు చొప్పున ఒక్క యూనిట్ పోగవడానికి 200 రోజులు, 5,000 బ్రేకులు. యూనిట్‌కు ఆరు రూపాయలు వేసుకుంటే, నేను అదనంగా ఇచ్చిన ఆరువేలు రాబట్టుకోవడానికి వెయ్యి యూనిట్లు కావాలి, అంటే రెండు లక్షల రోజులు. 548 ఏళ్ళు. కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్ కట్టించిన రోజున ఈ సైకిల్ కొని, అప్పటి నుంచి ఒక్క ఆదివారం కూడా సెలవు తీసుకోకుండా తొక్కినా ఇవాళ్టికి అసలు తీరదు. అసలు ఈ బ్యాటరీ సున్నా నుంచి నిండా ఛార్జ్ చేయడానికే రెండు రూపాయలు. దాంట్లో ఎవరైనా ఏం మిగులుస్తారు?

మరి రైలుకు ఎందుకు గిట్టుబాటవుతుంది? బరువు, వేగం. వేగం రెట్టింపైతే కదలికలోని శక్తి నాలుగింతలవుతుంది. 1,300 టన్నుల రైలు గంటకు వంద కిలోమీటర్ల మీద పోతుంటే దాంట్లో దాదాపు 139 యూనిట్లుంటాయి. ఆగేటప్పుడు అందులో సగం తిరిగొచ్చినా ఒక ఇంటికి కొన్ని వారాలు సరిపోతుంది. రైలు ఇనుప పట్టాల మీద ఇనుప చక్రంతో జారుతుంది, రాపిడి తక్కువ. దానికి ఎదురుగాలి తగిలేది ఇంజను ముఖానికి, వెనక ఇరవై పెట్టెలు దాని చాటున వస్తాయి. సైకిల్ మనిషికి ఆ చాటు లేదు. గుండె విరుచుకుని గాలికి ఎదురు కూర్చుంటాడు, కింద మెత్తటి టైరు. ఖర్చంతా దారిలోనే అయిపోతుంది.

మా ఆవిడకు ఇలా చెప్పాను. బస్సులో వంద నోటు ఇస్తే కండక్టరు టికెట్టు వెనక చిల్లర బాకీ రాసిచ్చేవాడు గుర్తుందా, దిగేటప్పుడు అడిగి తీసుకునేవాళ్ళం. రీజెన్ అంటే ఆ చిల్లర అడిగి తీసుకోవడం. రైలు వందలో చాలా చిల్లర మిగులుస్తుంది. నా సైకిల్‌కు వందలో తొంభై నాలుగు రూపాయలు గాలికీ టైర్లకూ మోటారు వేడికీ టికెట్టు కింద పోతాయి, మిగిలిన ఆరులో కండక్టరు మూడు కమీషను పట్టుకుంటాడు. "మాకు ఇప్పుడు జీరో టికెట్, చిల్లర గొడవ లేదు" అంది. నా పోలిక అక్కడితో ఆగిపోయింది.

నా తరం వాళ్ళకు ఇంత లెక్క కూడా అక్కర్లేదు, డైనమో గుర్తు తెచ్చుకుంటే చాలు. జనగామలో మా నాన్న సైకిల్‌కు సీసా ఆకారం డైనమో ఉండేది. 6 వోల్టులు, 3 వాట్లు. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసులు టైర్లలో గాలి తీసేస్తారని భయం. టైరుకు డైనమో ఆనించగానే గుర్రుమని శబ్దం, కాళ్ళకు బరువు. ఆ చిన్న బల్బు కూడా మన కాళ్ళలోంచే వెలుగుతుందని ఎనిమిదేళ్ళ పిల్లాడికి తెలిసిపోయేది. ముందు పోలీసు లేడని తెలిస్తే డైనమో ఎత్తేసి చీకట్లోనే తొక్కేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఆ బరువు తెలియదు కాబట్టి 'ఫ్రీ ఛార్జింగ్' అంటే నమ్ముతున్నారు. నాకు తెలిసీ నమ్మాను, అది వేరే సంగతి.

అబద్ధమని కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. మా షాపుకు ఒక డెలివరీ కుర్రాడు వస్తుంటాడు. ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉంటాడు. పాత సైకిల్‌కు తనే పెద్ద చక్రం మోటారు బిగించుకున్నాడు, రీజెన్ నిజంగానే ఉంది. హ్యాండిల్ మీద చిన్న మీటరు కూడా పెట్టుకున్నాడు, ఎంత పోయిందీ ఎంత వచ్చిందీ విడివిడిగా చూపిస్తుంది. అతను బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ గుట్టల మీద రోజంతా ఎక్కుతూ దిగుతూ తిరుగుతాడు. నేను చూసిన రోజు 300 వాట్ అవర్లు ఖర్చయితే 15 తిరిగొచ్చాయి. నూటికి ఐదు. "అంతేనా కాకా?" అని వాడే నన్నడిగాడు, నేనేదో దాచిపెట్టినట్టు. కానీ వాడు దాన్ని వదులుకోడు, కారణం వేరే. గుట్ట దిగేటప్పుడు మోటారు వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు ప్యాడ్లు వేడెక్కవు, చేతులు నొప్పి పుట్టవు. ప్యాడ్ల జత ముందు నెలన్నర వచ్చేది, ఇప్పుడు మూడు నెలలు దాటుతోందన్నాడు. వాడి పనికి ఆ మోటారు సబబే.

అక్కడ కూడా ఒక చిక్కుంది, వాడు చెప్పేదాకా నాకు తట్టలేదు. రాత్రి ఇంట్లో నిండా ఛార్జ్ పెట్టి పొద్దున గుట్ట మీది నుంచి దిగుతాడు. నిండిన 36 వోల్టుల లిథియం బ్యాటరీ 42 వోల్టుల దగ్గర ఉంటుంది. అంతకు మించి ఎక్కిస్తే పాడవుతుంది కాబట్టి కంట్రోలర్ రీజెన్ ఆపేస్తుంది. రోజు మొత్తంలో పెద్ద వాలు అదే, అక్కడే పనిచేయదు! ఆపేసిన సంగతి తెలియక మొదటి రోజు వాడు మోటారు పట్టుకుంటుందనుకుని వేగంగా దిగి, చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర గుండె చేతబట్టుకుని ఆగాడట. ఇప్పుడు ఛార్జింగ్ కొంచెం తక్కువగానే పెట్టుకుంటున్నాడు.

పోనీ గుట్టల నుంచి కిందికి దొర్లడమైనా లాభమా అని కూడా లెక్క వేశాను. బంజారాహిల్స్‌లో ఎత్తైన చోటు సముద్ర మట్టానికి 672 మీటర్లంటారు. హుస్సేన్‌సాగర్ నిండితే నీటిమట్టం 513. తేడా 159 మీటర్లు. నా 95 కిలోలు అంత ఎత్తు దిగితే కాగితం మీద 41 వాట్ అవర్లు రావాలి. కానీ దిగేది సాఫీ వాలులో కిలోమీటర్ల పొడవునా. నేను గంటకు ఇరవై మీద దిగితే అందులో ముప్పావు వంతు దాకా గాలీ టైర్లే తీసేసుకుంటాయి. మిగిలినదాంట్లో మళ్ళీ సగం. తిరిగి పైకెక్కేటప్పుడు మాత్రం ఆ 41కి పైన పూర్తిగా ఇవ్వాల్సిందే.

కొనేవాళ్ళకు ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. నిజమైన రీజెన్ ఉన్నా సరే, బ్రేకులను దానికి వదిలేయొద్దు. 20 మీద పోతూ మూడు సెకన్లలో ఆగాలంటే దాదాపు 490 వాట్లు పీల్చుకోవాలి, 250 వాట్ల మోటారు అంత తీసుకోదు. పైగా మోటారు ఎక్కువగా వెనక చక్రంలో ఉంటుంది, సైకిల్‌ను గట్టిగా ఆపేది ముందు చక్రం. వేగం తగ్గేకొద్దీ మోటారు పట్టు కూడా తగ్గుతుంది, నడక వేగానికి వచ్చాక ఏమీ ఉండదు. నేను ఆటోను గుద్దుకుంది ఆ నడక వేగంలోనే. నెలకోసారి ప్యాడ్లు చూసుకోండి.

అమ్మేవాళ్ళను నేను కోరేది పెద్దదేం కాదు. మోటారులో ఫ్రీవీల్ ఉందో లేదో, బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లో కరపత్రం మీద రాయండి. అలా రాస్తే మీ స్టిక్కరును మేమే లెక్క కట్టుకుంటాం. లేనిది ఉందని ప్రకటిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ పది లక్షల దాకా జరిమానా వేయగలదు. 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు. నేను చేశాను. ఏమవుతుందో చూడాలి.

ఇక అధికారులకు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబరులో తెరిచారు. చూసొచ్చాను, బాగుంది. ఎండ తగలదు, పైన కరెంటు పుడుతుంది, ఒక్క సిగ్నల్ లేదు. అక్కడ తొక్కాలంటే నేను సైకిల్‌ను ఏ ట్రాలీ ఆటోలోనో వేసుకుని నానక్‌రామ్‌గూడ దాకా పోవాలి. మెట్టుగూడ నుంచి రాణిగంజ్ దాకా రోడ్డు ఎడమ అంచున ఒక మీటరు జాగా, ఆగిన కార్లూ గుంతలూ మ్యాన్‌హోల్ మూతలూ లేకుండా ఇస్తే నేను ఇరవై ఐదుసార్లు ఆగేచోట పదిసార్లు ఆగుతాను. వేయని బ్రేకులో నూటికి నూరూ మిగులుతుంది, ఆ పదిహేను ఆగడాల శక్తి పూర్తిగా నాదే. ఏ మోటారూ అంత తిరిగివ్వదు. గత నెల నుంచి టైర్లలో వారానికోసారి సరిగా గాలి కొట్టించుకుంటున్నాను. దాంతోనే ఛార్జింగ్‌కు ఇంకో రెండు కిలోమీటర్లు ఎక్కువ వస్తోంది. గాలికి ఐదు రూపాయలు.

సైకిల్ అమ్మేయలేదు. కొత్త ప్యాడ్లు వేయించాను, విప్పిన మోటారులో గ్రీజు మార్చి మళ్ళీ బిగించాం, ఇదివరకటి కన్నా చప్పుడు తక్కువ. స్టిక్కరు మాత్రం గోకి తీసేశాను. నా పేరు వేయకండి. ఆ కొట్టువాళ్ళు పాడైన మోటార్లు వైండింగ్‌కు పంపేది మా బావమరిది దగ్గరికే. పోయిన వారం కూడా నాలుగు వచ్చాయి, అందులో రెండింటి చక్రాల మీద ఆకుపచ్చ స్టిక్కరుంది.

ఇట్లు,
మల్కాజిగిరి నుంచి ఒక పాఠకుడు